పాయింట్ 22 రివాల్వర్: ధర కంటే లైసెన్సులో చోటే ఖరీదు

బెంగళూరులో చేతి తుపాకీ లైసెన్సు వచ్చినవాళ్లలో ఎక్కువమంది పాయింట్ 32 (0.32 అంగుళాల బోరు, అంటే గొట్టం లోపలి వ్యాసం) వైపే చూస్తారు. పాయింట్ 22 రివాల్వర్ అడిగేవాళ్లు తక్కువ. అడిగేవాళ్లలో కూడా చాలామంది అది చవకని అడుగుతారు. కారణం అదొక్కటే అయితే కొనొద్దని మొదటే చెప్పేస్తున్నాం. పాయింట్ 22 రివాల్వర్ మంచి వస్తువే, గురి నేర్చుకునే వాళ్లకు అంతకు మించింది దొరకదు. కాకపోతే మన చట్టాల కింద దాని అసలు ఖరీదు బిల్లులో కనబడదు, లైసెన్సు పుస్తకంలో కనబడుతుంది.

2019 డిసెంబరు వరకు ఒక లైసెన్సుదారు మూడు తుపాకులు ఉంచుకోగలిగేవాడు. ఆయుధాల చట్టానికి ఆ ఏడాది చేసిన సవరణతో అది రెండుకు తగ్గింది. మూడోది ఉన్నవాళ్లు ఏడాదిలోగా పోలీసులకో డీలరుకో అప్పజెప్పాల్సి వచ్చింది. అదే సవరణ లైసెన్సు కాలాన్ని మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది, ఆ మేరకు మేలే. మూడు ఖానాలు ఉన్న రోజుల్లో ఒక పన్నెండు బోరు షాట్‌గన్, ఒక పాయింట్ 32, సాధనకు ఒక పాయింట్ 22 అన్నట్టు సర్దుకునేవాళ్లు. ఇప్పుడు రెండే ఖానాలు కాబట్టి పాయింట్ 22 రివాల్వర్ కొంటే మీ హక్కులో సగం దానికే పోతుంది. చాలామంది గమనించని సంగతి ఇంకొకటి ఉంది. చట్టంలోని 3వ సెక్షన్ ప్రకారం, గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్ సభ్యుడు టార్గెట్ సాధనకు వాడే పాయింట్ 22 రైఫిల్‌కు గానీ ఎయిర్ రైఫిల్‌కు గానీ ఈ రెండు తుపాకుల పరిమితి వర్తించదు. అక్కడ ఉన్నది రైఫిల్ అనే మాటే. రివాల్వర్‌కు ఆ వెసులుబాటు లేదు. కేవలం గురి సాధనే మీ ఉద్దేశమైతే క్లబ్ సభ్యత్వం, పాయింట్ 22 రైఫిల్ దారి ఖానా ఖర్చు కాకుండా పని జరుపుతుంది.

ఇక ధర. చేతి తుపాకుల మీద జీఎస్టీ 28 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతమైంది. రివాల్వర్లు, పిస్టళ్లు పొగాకు, విలాస నౌకలు, పెద్ద మోటారు సైకిళ్ల వరసలో చేరాయి. ఇచ్ఛాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ చేసే పాయింట్ 22 రివాల్వర్ ‘నిడర్’ను మార్కెట్లోకి తెచ్చినప్పుడు పన్నులు కాక 35,000 రూపాయల చుట్టుపక్కల చెప్పారు. అదే అసలు ధర అనుకుంటే 28 శాతం పన్నుతో 44,800, 40 శాతంతో 49,000. తేడా 4,200. పాయింట్ 32 ‘నిర్భీక్’ 2014లో వచ్చినప్పుడు ప్రకటించిన ధర 1,22,360. ఆ అంకె మీద 12 శాతం పెరుగుదల లెక్కిస్తే పన్ను ఒక్కటే 14,683 రూపాయలు ఎక్కువవుతుంది. ఇవి పాత అంకెలు. ఫ్యాక్టరీ ధరలు తర్వాత మారుతూనే ఉన్నాయి కాబట్టి డీలర్ దగ్గర అడిగేటప్పుడు అసలు ధర ఎంత, జీఎస్టీ ఎంత, రవాణా ఎంత అని విడివిడిగా రాయించుకోండి. ‘అన్నీ కలిపి ఇంత’ అనే మాటకు ఒప్పుకోవద్దు. పన్ను అసలు ధర మీద పడాలి, డీలర్ సొంతంగా కలుపుకున్న ఖర్చులు అందులో దాక్కోకూడదు.

పాత దిగుమతి సరుకు సంగతి వేరు. 1980ల మధ్య నుంచి మామూలు లైసెన్సుదారులు విదేశీ తుపాకులు తెప్పించుకోవడం ఆగిపోయింది. పేరున్న షూటర్లకు, క్రీడా సంఘాలకు మాత్రమే దారి మిగిలింది. అప్పటికి దేశంలో ఉన్నవే చేతులు మారుతున్నాయి, కొత్తవి కలవడం లేదు. అమెరికాలో రూగర్ కంపెనీ 2019లో రాంగ్లర్ అనే పాయింట్ 22 రివాల్వర్‌ను 249 డాలర్ల ధరతో తెచ్చింది. అలాంటిదే ఒకటి మన దగ్గర, పాతది, అరిగినది, ఎన్నో రెట్లు పలకడానికి కారణం దాని నాణ్యత కాదు, కొరత. బేరం ఆడేటప్పుడు ఈ తేడా మనసులో ఉండాలి. తుపాకీ మీద చెక్కిన పేరు చూసి కాదు, సిలిండర్ (తూటాలు పెట్టే, తిరిగే భాగం) రంధ్రాల స్థితి చూసి డబ్బు పెట్టాలి.

ఆ రంధ్రాలు ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే ఈ తూటా పనిచేసే తీరు తెలియాలి. పాయింట్ 32 తూటాకు అడుగున మధ్యలో చిన్న ప్రైమర్ గుండీ (దెబ్బకు అంటుకునే మందు బిళ్ల) ఉంటుంది. పాయింట్ 22కు అది లేదు. పేలే మందు కేసు (తూటా ఇత్తడి గొట్టం) అంచు లోపల, చుట్టూ పూత పోసినట్టు ఉంటుంది. ఫైరింగ్ పిన్ (ట్రిగ్గర్ లాగితే తూటాకు తగిలే మొన) ఆ అంచును సిలిండర్ రంధ్రం గట్టుకేసి నలిపితే మందు అంటుకుంటుంది. కాల్చిన కేసును వెలుతురులో తిప్పి చూడండి: అంచు మీద పన్నెండు గంటల దగ్గర దీర్ఘచతురస్రంలాంటి చిన్న నొక్కు, మిగతా అంచు నున్నగా. ఆ నొక్కు లోతుగా, అంచు వెంబడి తిన్నగా ఉంటే తుపాకీ ఆరోగ్యంగా ఉన్నట్టు. ఒక పక్కకు జారినా, లోపలి వైపుకు పడినా, పైపైన గీరినట్టు ఉన్నా ఆ రివాల్వర్ రేపో మాపో తుస్సుమంటుంది.

ఇత్తడి అంచును నలపాలంటే దెబ్బ గట్టిగా పడాలి. అందుకే పాయింట్ 22 రివాల్వర్లలో హామర్ (పిన్ దెబ్బ కొట్టించే సుత్తి) స్ప్రింగ్ బిగువుగా ఉంటుంది, డబుల్ యాక్షన్ ట్రిగ్గర్ (హామర్‌ను వెనక్కి లాగి వదిలే పని కూడా తానే చేసేది) బరువుగా ఉంటుంది. ఐదు, ఆరు కిలోల లాగుడు మామూలే. చిన్న తూటా కదా, ట్రిగ్గర్ తేలిగ్గా ఉంటుందనుకుని ఇంట్లో పెద్దవాళ్ల కోసం కొనేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. వెనక్కి తన్నుడు తక్కువే, కానీ కీళ్ల నొప్పులున్న వేలికి ఆ ట్రిగ్గర్ లాగడం కష్టం. కొనే ముందు ఆ మనిషే దుకాణానికి వచ్చి, డీలర్ అనుమతితో, ఖాళీ కేసులు పెట్టి, హామర్ వెనక్కి లాక్కోకుండా ట్రిగ్గర్ లాగి చూడాలి. వరసగా ఆరు సార్లు, మూతి వణక్కుండా. అది కాకపోతే ఈ బేరం మానుకోండి.

‘స్ప్రింగ్ ఒక చుట్టు కోసేస్తే తేలికైపోతుంది సార్’ అనే పనివాడు ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. పాయింట్ 32లో ఆ పని కొంతవరకు చెల్లుతుంది, పాయింట్ 22లో చెల్లదు. అంచు నలిగే దెబ్బ కంటే కొంచెం తగ్గినా ఎనిమిదింట్లో ఒకటో రెండో పేలవు. చలికి నూనె చిక్కబడితే ఇంకొకటి తోడవుతుంది. కోసిన స్ప్రింగ్ ఉన్న పాత రివాల్వర్‌ను సగం ధరకిచ్చినా తీసుకోవద్దు. పాత అమెరికన్, జర్మన్ మోడళ్లకు సరైన స్ప్రింగ్ దొరకడం ఇక్కడ గగనం. ఏ మరమ్మత్తు అయినా లైసెన్సున్న గన్‌స్మిత్ చేతే చేయించాలని వేరే చెప్పక్కర్లేదు.

నిడర్ గురించి మా అభిప్రాయం: జేబులో బరువు తెలియకుండా ఉండటం కోసం చేసిన తుపాకీ ఇది. తేలిక లోహం, 250 గ్రాములు, ఎనిమిది తూటాలు. అంత తక్కువ బరువులో ఎనిమిది తూటాలు పట్టించడం నిజంగా మెచ్చుకోవాల్సిన పని. ఎప్పుడూ వెంట ఉండాలనుకునే వాళ్లకు కిలో బరువున్న పాత ఉక్కు రివాల్వర్ కంటే ఇదే నయం, ఎందుకంటే బరువున్నది బీరువాలోనే ఉండిపోతుంది. అయితే తేలికే దీని బలహీనత కూడా. ట్రిగ్గర్ లాగే బలం తుపాకీ బరువుకు ఎన్నో రెట్లు కాబట్టి లాగుతున్న కొద్దీ మూతి పక్కకు పోతుంది. బ్యారెల్ పొట్టిది, ముందు గురికీ వెనక గురికీ మధ్య దూరం తక్కువ, చిన్న తప్పు పెద్దదై కనబడుతుంది. గది లోపలి దూరానికి సరే. పది మీటర్ల అవతల కాగితం మీద గుత్తిగా కొట్టడం కొత్తవాళ్ల వల్ల కాదు. నేర్చుకోవడానికి ఇది సరైన తుపాకీ కాదు, నేర్చుకున్నవాళ్లు దగ్గర పెట్టుకోవడానికి పనికొస్తుంది. పొట్టి బ్యారెల్ పాయింట్ 22 చప్పుడు చిన్నదని కూడా అనుకోవద్దు. చెవులకు రక్షణ లేకుండా ఒక్కసారి కాల్చినా వినికిడికి హాని.

ఆత్మరక్షణకు పాయింట్ 22 చాలునా? గుండు (తూటాలోంచి బయటికి వెళ్లే సీసం ముక్క) బరువు 40 గ్రెయిన్లు, అంటే 2.6 గ్రాములు. పాయింట్ 32 లాంగ్ గుండు 98 గ్రెయిన్లు, 6.35 గ్రాములు. పైగా అంచులో మందు పూత ఎక్కడైనా పలచబడితే పేలకపోవడం ఈ తూటా పుట్టుకతోనే ఉన్న లోపం, ఎంత మంచి కంపెనీదైనా. రివాల్వర్ కావడం ఒక్కటే ఊరట: పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ లాగితే తర్వాతి తూటా వస్తుంది, పిస్టల్‌లోలా ఇరుక్కుపోదు. ఒకే తుపాకీ, అదీ ప్రాణరక్షణ పేరుతో లైసెన్సు అయితే పాయింట్ 32 తీసుకోండి. 2023లో కాన్పూర్ నుంచి వచ్చిన ‘ప్రబల్’ సిలిండర్ పక్కకు తెరుచుకునే రకం, 76 మిల్లీమీటర్ల బ్యారెల్, ఖాళీగా 700 గ్రాములు. ఆ బరువే చేతికి స్థిరత్వం ఇస్తుంది.

పాత వాటిలో మన దగ్గర కనబడేవి ముఖ్యంగా మూడు రకాలు. హారింగ్టన్ అండ్ రిచర్డ్‌సన్ తొమ్మిది తూటాల రివాల్వర్, మధ్యలో విరిచి తెరిచేది. తెరవగానే ఖాళీలన్నీ ఒకేసారి పైకి లేస్తాయి, వాడటానికి హాయి. కానీ ఆ కంపెనీ 1986లో మూతపడింది, విడిభాగాలు లేవు. విరిచే కీలు దగ్గర వదులు వచ్చిందంటే బాగుచేయడం కష్టం. రెండోది జర్మనీ ఆర్మీనియస్: అందం తక్కువ, పని గట్టిది, ధర మిగతా వాటికంటే తక్కువ పలుకుతుంది. డబ్బుకు విలువ అడిగితే మా ఓటు దీనికే. మూడోది స్మిత్ అండ్ వెస్సన్ కె-22, తర్వాత మోడల్ 17 అని పేరు మారినది. ఆరు అంగుళాల బ్యారెల్, కిలో పైన బరువు, ఆరు తూటాలు. సాధనకు ఇంతకంటే మంచి రివాల్వర్ తయారవలేదని నిస్సంకోచంగా చెప్పొచ్చు. దొరికితే అడిగే ధర కూడా అలాగే ఉంటుంది. ఇవి ఎక్కువగా కుటుంబాల్లో ఉన్నాయి. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడిన ఇళ్లలో తాతగారి పెట్టెలో ఇలాంటిది ఒకటి ఉంటే అమ్మేసే ముందు ఆగండి. 2016 ఆయుధాల నియమావళి ప్రకారం లైసెన్సుదారు కాలం చేశాకే కాదు, 70 ఏళ్లు నిండినా, 25 ఏళ్లు ఆ తుపాకీ దగ్గర ఉన్నా బతికుండగానే వారసుడి పేరున లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ దారిలో వచ్చే పాయింట్ 22కు జీఎస్టీ లేదు, బేరం లేదు. అయినా రెండు ఖానాల పరిమితి వారసత్వానికీ వర్తిస్తుంది.

ఇప్పుడు దుకాణంలో చూడాల్సినవి. వెంట తీసుకెళ్లాల్సింది చిన్న టార్చి, ఫీలర్ గేజ్, మెత్తటి గుడ్డ. ఫీలర్ గేజ్ అంటే బైకు మెకానిక్‌లు ట్యాపెట్ సర్దడానికి వాడే పలుచని ఉక్కు రేకుల కట్ట, ఎస్‌జేపీ రోడ్డులో ఏ పనిముట్ల అంగట్లోనైనా దొరుకుతుంది. మొదట సిలిండర్ తెరిచి ఒక్కో రంధ్రం ఖాళీ అని కంటితో, వేలితో చూడండి. డీలర్ చూశానన్నా మళ్లీ చూడండి.

సిలిండర్ ముందు ముఖానికీ బ్యారెల్ వెనక అంచుకూ మధ్య సందులో రేకు పెట్టి చూడాలి. 0.10 నుంచి 0.20 మిల్లీమీటర్ల మధ్య ఉంటే మంచిది. 0.25 రేకు కూడా సులువుగా దూరితే సీసం పొడి పక్కలకు చిమ్ముతుంది, పక్కన నిలబడ్డవాడి చెంపకు తగులుతుంది, గుండు వేగం పడిపోతుంది. 0.05 కూడా దూరకపోతే అదీ చిక్కే: రెండు సిలిండర్లు కాల్చేసరికి మసి పేరుకుని తిరగడం బరువెక్కుతుంది. ప్రతి రంధ్రం దగ్గరా కొలవండి, ఎందుకంటే వంగిన ఇరుసు ఒకచోట సరిగ్గా, ఎదురుచోట వదులుగా చూపిస్తుంది. తర్వాత సిలిండర్‌ను ముందుకూ వెనక్కూ తోసి చూడండి. కంటికి కనిపించేంత కదలిక ఉండకూడదు. ఈ కదలిక పాయింట్ 22లో మరీ చెడ్డది: సిలిండర్ ముందుకు జరిగిపోతే పిన్ దెబ్బ అంచుకు పూర్తిగా అందదు.

సిలిండర్ మీద బొటనవేలితో కొంచెం అడ్డు పెట్టి హామర్‌ను మెల్లగా వెనక్కి లాగండి. హామర్ పట్టు పడే సమయానికి సిలిండర్ కూడా టక్కున తాళం పడాలి. హామర్ ఆగిపోయి సిలిండర్ ఇంకా కొంచెం తిరగాల్సి ఉంటే సిలిండర్‌ను తిప్పే లోపలి చేయి అరిగినట్టు. ఇలాంటి దాంట్లో గుండు బ్యారెల్ నోట్లోకి ఏటవాలుగా దూరి సీసం చెక్కుకుంటుంది. ఆరు రంధ్రాలైతే ఆరు సార్లూ, తొమ్మిదైతే తొమ్మిదిసార్లూ చూడాలి. ఒక్కటి తప్పినా ధర తగ్గించమనండి, రెండు తప్పితే వదిలేయండి.

బ్యారెల్‌లోకి మూతి వైపు నుంచి టార్చి వేసి చూడండి. గాడులు పదునుగా కనబడాలి. మధ్యలో ఎక్కడైనా నల్లటి ఉంగరంలా వలయం కనబడితే ఒకప్పుడు లోపల గుండు ఇరుక్కుని ఉండగా ఇంకోటి కాల్చారని అర్థం. అక్కడ ఉక్కు ఉబ్బింది. బయట నుంచి వేళ్లతో నిమిరినా తెలుస్తుంది. ఎంత మంచి పేరున్నా దాన్ని కొనకూడదు.

అన్నిటికంటే ముఖ్యం సిలిండర్ వెనక ముఖం. ఒక్కో రంధ్రం అంచును టార్చి వెలుగులో పరిశీలించండి. ఖాళీగా ట్రిగ్గర్ లాగీ లాగీ ఉంటే పిన్ ఆ గట్టు మీద పడి చిన్న గుంట చేస్తుంది. గుంట పడిన లోహం లోపలికి తోసుకొచ్చి మొటిమలా నిలుస్తుంది. అక్కడ తూటా పూర్తిగా కూర్చోదు, ఎత్తుగా ఉన్న అంచు వెనక రాసుకుని సిలిండర్ బిగుసుకుంటుంది. బలవంతంగా కాలిస్తే మొదటి దెబ్బ తూటాను లోపలికి తోయడానికే ఖర్చవుతుంది, పేలదు. గుంట పడిన గట్టు మీద పిన్ కొట్టినప్పుడు నలపడానికి కింద ఆసరా ఉండదు. పరీక్ష తేలిక: ఖాళీ కేసు ఒకటి అడిగి ప్రతి రంధ్రంలో వేసి చూడండి. వేలితో మెత్తగా నొక్కితే చివరిదాకా దిగాలి, తలకిందులు చేస్తే దానంతట అది జారాలి. మొటిమ చిన్నదైతే గన్‌స్మిత్ లోపలికి అదిమి సరిచేస్తాడు. ఆకురాయి పెట్టి అరగదీస్తానంటే ఒప్పుకోవద్దు, పోయిన లోహం తిరిగి రాదు.

అందుకే కొన్న తర్వాత ఖాళీగా ట్రిగ్గర్ లాగడం ఈ తుపాకీలో పాపంలాంటిది. పాయింట్ 32 వాడిన చేతికి ఆ అలవాటు ఉంటుంది, మానుకోవాలి. ఇంట్లో సాధనకు పాయింట్ 22 స్నాప్ క్యాప్‌లు (ట్రిగ్గర్ సాధనకు వాడే డమ్మీ తూటాలు) దొరికితే సరే. లేకపోతే కాల్చిన కేసులే వాడుకోవచ్చు, నొక్కు పడని వైపు పన్నెండు గంటల దగ్గరకు తిప్పి పెట్టాలి. అంచు చుట్టూ దెబ్బలు పడగానే ఆ కేసు పారేయాలి. గోడకు స్క్రూ బిగించేటప్పుడు వాడే ప్లాస్టిక్ ప్లగ్‌లు కొందరు వాడతారు. ఇక్కడి కంపెనీల సైజులు ఒకదానితో ఒకటి కలవవు. అంచు లేనిది రంధ్రంలోకి జారిపోతే ఏ ప్రయోజనమూ లేదు.

ఇంకో సంగతి, 19వ శతాబ్దం చివరా 20వ శతాబ్దం మొదట్లోనూ చేసిన పాత రివాల్వర్లలో సిలిండర్ వెనక ముఖం చదునుగా ఉంటుంది, తూటా అంచు బయటికి కనబడుతుంది. తర్వాతి వాటిలో అంచు మునిగేలా గుంత తీసి ఉంటుంది. చదునైన వాటిలో హై వెలాసిటీ (ఎక్కువ వేగపు) తూటా కాల్చకూడదు, అంచు పగిలితే మంట వెనక్కి వస్తుంది. వాటికి స్టాండర్డ్ వెలాసిటీయే పరిమితి. బ్యారెల్ మీద రాసింది కూడా చదవండి: పాయింట్ 22 షార్ట్, లాంగ్ రైఫిల్, మాగ్నమ్ మూడూ వేర్వేరు తూటాలు. లాంగ్ రైఫిల్ కోసం చేసిన దాంట్లో షార్ట్ కాల్చవచ్చు గానీ రంధ్రం మధ్యలో మసి వలయం కడుతుంది, తర్వాత లాంగ్ రైఫిల్ దిగదు. మాగ్నమ్ కేసు లావు. మాగ్నమ్ సిలిండర్‌లో లాంగ్ రైఫిల్ వదులుగా కూర్చుంటుంది, కాలిస్తే కేసు చీలుతుంది.

సాధనలో తూటా పేలకపోతే మూతిని టార్గెట్ వైపే ఉంచి ముప్ఫై సెకన్లు ఆగాలి. ఆలస్యంగా పేలే తూటాలు ఉంటాయి. తర్వాత తెరిచి నొక్కు చూడాలి. నొక్కు లోతుగా ఉంటే తప్పు తూటాది. దాన్ని అర చుట్టు తిప్పి పెడితే రెండో దెబ్బకు చాలావరకు పేలుతుంది. నొక్కు పైపైనే ఉంటే స్ప్రింగో పిన్నో. ఎప్పుడూ ఒకే రంధ్రంలో జరుగుతుంటే సిలిండర్. కాబట్టి రంధ్రాలకు మనసులోనే అంకెలు వేసుకోవడం మంచిది. చప్పుడు బలహీనంగా, ‘పుస్’ మన్నట్టు వస్తే వెంటనే ఆపేయాలి. గుండు బ్యారెల్‌లోనే ఉండి ఉండొచ్చు. తూటాలన్నీ తీసి, ఇత్తడి కడ్డీ పెట్టి దారి ఖాళీ అని చూసుకున్నాకే మళ్లీ ముట్టుకోవాలి.

తూటాల ఖర్చు దగ్గర పాయింట్ 22 గెలుస్తుంది. పాయింట్ 32తో పోలిస్తే చాలా చవక, అంచు నలిగిన కేసు మళ్లీ నింపడానికి పనికిరాదు కాబట్టి ఆ ఆలోచనే లేదు. కానీ ఒకేసారి ఎన్ని, ఏడాదికి ఎన్ని అనేది మీ లైసెన్సులో రాసినంతే. సాధన ఎక్కువ చేయాలనుకునే వాళ్లు ఆ అంకె చూసుకోకుండా కొంటే తుపాకీ ఉండి తూటాలు చాలని పరిస్థితి వస్తుంది. కొన్నప్పుడు ఒకే లాట్ నంబరువి (ఒకే విడతలో తయారైనవి) తీసుకోండి. ఇంట్లో తూటాలకు నూనె తగలనివ్వొద్దు. ఈ గుండు కేసులో బిగువుగా మూతపడి ఉండదు, నూనె మెల్లగా లోపలికి దిగి మందును చంపేస్తుంది. సిలిండర్ రంధ్రాలు కూడా పొడిగా ఉండాలి.

శుభ్రం చేయడంలో బద్ధకం పనికిరాదు. ఈ గుండు బయట మైనంలాంటి పూత ఉంటుంది. అది మసితో కలిసి జిగురుగా పేరుకుంటుంది. మూడో నాలుగో సిలిండర్‌కు ఖాళీలు బయటికి రావడం మొరాయిస్తే కారణం అదే. ఎజెక్టర్ నక్షత్రం (ఖాళీ కేసులను బయటికి తోసే భాగం) కింద కాలని మందు రవ్వలు చేరితే సిలిండర్ మూసుకోదు. అక్కడ పాత టూత్‌బ్రష్‌తో, మూతి పైకి పెట్టి ఊడ్చాలి, రవ్వలు కింద పడేలా. బ్యారెల్‌కు పాయింట్ 22 ఇత్తడి బ్రష్, సాల్వెంట్. సాల్వెంట్ దొరక్కపోతే కిరోసిన్ మసిని మెత్తబరుస్తుంది, కానీ పూర్తిగా తుడిచి కుట్టుమిషన్ నూనె పలుచగా రాయాలి. తేలిక లోహపు ఫ్రేమ్‌కు గరుకు కాగితం, ఉక్కు పీచు తగలకూడదు. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, గుండు మొత్తం ఒట్టి సీసం.

బెంగళూరు గాలి ఉక్కుకు కొంత దయగలదే, జూన్ నుంచి అక్టోబరు వరకు మాత్రం నెలకు రెండుసార్లు తుడవాలి. చెన్నైలో ఉండేవాళ్లకు ఏడాది పొడవునా వారానికోసారి తప్పదు, సముద్రపు ఉప్పు బ్లూయింగ్ (తుప్పు పట్టకుండా ఉక్కుకు చేసే నల్లటి పూత) కింద నుంచే తినేస్తుంది. రెండుచోట్లా తోలు హోల్‌స్టర్‌లో పెట్టి బీరువాలో దాచడం తప్పే. తోలు తేమ పీలుస్తుంది, తోలు పదును చేసిన లవణాలు లోహానికి పడవు. గుడ్డ సంచి, సిలికా జెల్ పొట్లం చాలు. తూటాలు వేరే తాళంలో.

ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులు చాలావరకు పోలీస్ స్టేషన్‌లోనో డీలర్ దగ్గరో అప్పజెప్పాల్సి వస్తుంది, ఫలితాల తర్వాతే తిరిగిస్తారు. ఆ వారాల్లో దాన్ని తుడిచేవాళ్లు ఉండరు కాబట్టి ఇచ్చే ముందు రోజు శుభ్రం చేసి, మామూలు కంటే చిక్కగా నూనె రాసి ఇవ్వండి. రసీదులో సీరియల్ నంబరుతో పాటు ‘బ్యారెల్ శుభ్రం, తుప్పు లేదు’ అని రాయించుకోండి.

సరిహద్దు దాటే తెలుగువాళ్లు ప్రత్యేకంగా చూసుకోవాల్సింది లైసెన్సు చెల్లే ప్రాంతం. కర్ణాటక వరకే రాసి ఉంటే పండక్కి హిందూపురమో కుప్పమో వెళ్లేటప్పుడు తుపాకీ వెంట ఉండకూడదు. రెండు గంటల ప్రయాణమే అయినా అది వేరే రాష్ట్రం. ఆంధ్రలో ఇచ్చిన లైసెన్సుతో బెంగళూరుకు మకాం మార్చినవాళ్లు 30 రోజుల్లోగా పాత, కొత్త లైసెన్సింగ్ అధికారులిద్దరికీ తెలియజేయాలి. నగరంలో ఆ అధికారి పోలీస్ కమిషనర్.

బేరం కుదిరిన రోజున సీరియల్ నంబరును ఫ్రేమ్ మీద, సిలిండర్ మీద, లైసెన్సులో డీలర్ రాసిన చోట ఒక్కో అంకె వేలు పెట్టి సరిచూసుకోండి. పాత రివాల్వర్లలో 3, 8 అరిగి ఒకేలా కనబడతాయి. సున్నాకూ ‘ఓ’ అక్షరానికీ తేడా రాతలో పోతుంది. తప్పు పడితే సరిదిద్దించుకోవడానికి డీలర్, కమిషనర్ కార్యాలయం, జాతీయ ఆయుధ లైసెన్సుల డేటాబేస్ మూడుచోట్లా తిరగాలి. బిల్లులో బోరు కేవలం ‘22’ అని కాక ‘పాయింట్ 22 లాంగ్ రైఫిల్, రివాల్వర్’ అని పూర్తిగా రాయించండి, తర్వాత తూటాలు కొనేటప్పుడు ఏ డీలరూ సందేహించడు.